పక్కింటాయన అప్పజెప్పిన మూడు కోళ్లు

ఆ కోళ్ల గూటికి పైన, చూరు కిందుగా, నాలుగు సందులు ఉండేవి. ఒక్కోటి నా అరచేయంత పొడవు, రెండు వేళ్ల వెడల్పు. లోపలి వైపు ఇనుప జాలీ కొట్టి ఉండేది. ఆ సందులు ఎందుకున్నాయో నాకు తెలుసు. నేను ఊపిరితిత్తుల వార్డులో డాక్టర్ని. తెలిసి కూడా వాటిని మూశాను. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

గూడు మాది కాదు, అందులోని మూడు కోళ్లూ మావి కావు. ఐర్లండులోని స్లైగో ఊరి అంచున మా అద్దె ఇంటిని ఆనుకుని ఉన్న ఇంట్లో, ఎనభైకి దగ్గరపడ్డ పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. కోళ్లు ఆయన భార్యవి. ఆవిడ పోయే ముందటి వసంతంలో మూడు పిల్లల్ని తెచ్చి, వంటింట్లో బాయిలర్ పక్కన అట్టపెట్టెలో పెట్టి పెంచిందట. అవి పెట్టలయ్యి గుడ్లు మొదలుపెట్టేసరికి ఆవిడ లేదు. ఈ సంగతి ఆయన నాకు కంచె మీదుగా చెప్పాడు, రేపు వాన పడొచ్చు అని చెప్పినట్టే. ఇక్కడివాళ్లు ఎంత పెద్ద సంగతైనా అలాగే చెబుతారు. వాటికి పేర్లున్నాయో లేదో నేను అడగలేదు. మా అమ్మ మాత్రం చూసిన రోజే ఎర్రపెట్ట, నల్లపెట్ట, పొడల పెట్ట అని పిలవడం మొదలుపెట్టింది. పొడలది మూడింటిలోకీ చిన్నది, పొగరు మాత్రం మూడింటికీ సరిపడా ఉండేది. గూట్లో అడ్డంగా వేసిన కర్ర మీద ఎప్పుడూ చివర్న, తలుపు పక్కనే కూర్చునేది. ఆ చోటుకు వేరేది వస్తే పొడిచి దింపేది.

అమ్మ నా కాన్పు కోసం వచ్చి ఇరుక్కుపోయింది. జనవరిలో వరంగల్ దగ్గరి మా ఊరి నుంచి వచ్చింది, ఏప్రిల్‌లో వెళ్లాలి. ఫిబ్రవరిలో పాప పుట్టింది. మార్చిలో కరోనా వచ్చి విమానాలు ఆగాయి. తర్వాత వెళ్లే వీలు దొరికినా, అప్పటికి నేను ఆస్పత్రికి తిరిగి వెళ్లే రోజులు దగ్గరపడ్డాయి. మా ఆయన మేడ మీది చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటే సాయంత్రం దాకా లేవడు. పాపను ఎవరు చూస్తారని అమ్మ ఆగిపోయింది.

ఆమె నాకు చేసిన బాలెంత సేవ గురించి కొంచెం చెప్పాలి. కిటికీలు మూసి, కింది సందుల్లో పాత చీర కుక్కి, హీటర్ పెట్టి, నా చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, ఊదు పొగ వేసేది. కుంపటి లేదు కాబట్టి ఇనుప గరిటెను స్టవ్ మీద ఎర్రగా కాల్చి దాని మీద సాంబ్రాణి చల్లేది. మెట్ల దగ్గరి పొగ అలారం రోజుకోసారి మొత్తుకునేది. పాప పుట్టిన వారం హెల్త్ నర్సు వచ్చి, గదిలో అడుగుపెడుతూనే నేరుగా వెళ్లి కిటికీ తెరిచింది. ఆమె కారు మలుపు తిరగకముందే అమ్మ మూసేసింది.

"అమ్మా, నన్ను ఇడ్లీ లెక్క ఉడకవెడుతున్నవే! గాలి ఆడకుంటే పిల్లకు మంచిది గాదు," అని అరిచాను.

"నువ్వు డాక్టరువు ఆస్పత్రిల. ఇంట్ల బాలెంతవు. మూసుకొని పండుకో," అంది అమ్మ.

నేను పడుకున్నాను, పళ్లు నూరుకుంటూ. ఆ నలభై రోజులూ నాలోని డాక్టర్ లోలోపల గింజుకుంటూనే ఉంది. ఎవరైనా నాకు తెలిసిన విషయాన్ని నాకే చెబితే ఒళ్లు మండే స్వభావం నాది. తెలియని విషయం చెప్పినా మండుతుందని తర్వాత తేలింది.

అక్టోబరులో పెద్దాయన వెనక మెట్ల మీద జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేసింది మా ఆయనే. ఆపరేషన్ అయ్యాక ఒక రోజు, డ్యూటీ మధ్యలో, మాస్కు మీద మాస్కు వేసుకుని ఆయన్ను చూడ్డానికి వేరే వార్డుకు వెళ్లాను. ఆయనకు సందర్శకులు లేరు, ఎవరికీ లేరు. గాల్వేలో ఉన్న కూతురు తన ఇంటికి తీసుకుపోతానంటోందని చెప్పాడు. ఎప్పటికి తిరిగొస్తాడో తెలియదు. కౌంటీ, అంటే జిల్లా, దాటకూడదన్న నిబంధన వస్తూ పోతూ ఉంది.

"కోళ్లు," అన్నాడు. ఆయన గొంతు మారింది ఆ ఒక్క మాట దగ్గరే. "వసంతం దాకా చూసుకుంటావా, డాక్టర్?"

"తప్పకుండా," అన్నాను.

"కష్టమేం లేదు. చలి వాటినేం చేయదు. ఒంటి మీద ఈకల దుప్పటి ఉంది కదా. తడే చంపుతుంది. కింద పొడిగా ఉంచు. పైన సందులు తెరిచి ఉంచు. ఎంత చలేసినా తెరిచి ఉంచు." నా ముఖంలో మాస్కు పైన కనబడే రెండు కళ్లను చూసి, "మూడింటినీ నీకే అప్పజెబుతున్నా," అన్నాడు. "గ్రాండ్," అని తనే ముగించాడు. అంతా బాగే అనడానికి ఇక్కడివాళ్ల మాట అది.

ఆయన కూతురు తన నంబరు ఒక కాగితం మీద రాసి మా లెటర్ బాక్సులో వేసి వెళ్లింది. దాన్ని ఫ్రిజ్‌కు అంటించాం. రెండు ఇళ్ల పెరళ్ల మధ్య చెక్క కంచెలో, ఆయన అనుమతితోనే, మా ఆయన రెండు పలకలు ఊడదీశాడు. అమ్మ పాపను చంకనేసుకుని ఆ సందులోంచి దూరి రోజుకు పదిసార్లు వెళ్లొచ్చేది. తొమ్మిది నెలలుగా నాలుగు గోడల మధ్య ఉన్న మనిషికి మూడు కోళ్లు దొరికాయి. ఆమె నడకే మారిపోయింది.

నవంబరులో మేం చేసిన పనులన్నీ సరైనవే. ఈ మాట నా తరఫున రాసుకోవాలి. గూడు అడుగున గడ్డి తీసేసి చెక్క పొట్టు జానెడు మందాన పరిచాం. గడ్డి తేమను పట్టుకుంటుంది, పొట్టు పీల్చేస్తుంది. గుండ్రటి అడ్డకర్ర తీసేసి వెడల్పు చెక్క వేశాం, కోడి కూర్చుంటే పొట్ట ఈకలు దాని కాలి వేళ్లను కప్పేలా. తాగే నీళ్లు గడ్డకడితే మార్చడానికి రెండో గిన్నె పెట్టాం. సాయంత్రం గుప్పెడు మొక్కజొన్న వేస్తే పొద్దున దాకా ఒంట్లో వేడి నిలుస్తుందని పెద్దాయన ఫోన్లో చెప్పాడు, వేశాం. తురాయికి వాజలైన్ రాయమన్నాడు, అమ్మ రాసింది. పాప బుగ్గలకూ కోళ్ల తురాయిలకూ ఒకే డబ్బా.

ఆదివారం నాలుగింటికి ఆయన నాకు ఫోన్ చేసేవాడు. ఎర్రది గుడ్డు పెట్టిందా, నల్లది ఈకలు రాల్చడం ఆపిందా, పొడలది ఇంకా చివర్నే కూర్చుంటోందా అని ఒక్కో కోడి గురించీ అడిగేవాడు. నేను ఒక్కోదాని గురించీ చెప్పేదాన్ని. వారమంతటిలో ఎవరూ ఏడవని ఫోను అదొక్కటే.

డిసెంబరులో బర్డ్ ఫ్లూ అని ప్రభుత్వం మరో ఉత్తర్వు వేసింది. కోళ్లను ఎవరూ బయట తిరగనివ్వకూడదు, అడవి పక్షులు వాటి దగ్గరకు రాకూడదు. "కోళ్లకు గూడ లాక్‌డౌనా!" అని అమ్మ చప్పట్లు చరిచి నవ్వింది. గూటి ముందున్న జాలీ ఆవరణ మీద మా ఆయన నీలం టార్పాలిన్ కప్పాడు. దాంతో మూడు కోళ్లు ఇరవైనాలుగు గంటలూ లోపలే ఉండాల్సి వచ్చింది. ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. నేను గుర్తుంచుకోలేదు.

జనవరి మొదటి వారంలో తూర్పు గాలి మొదలైంది. బెన్‌బుల్బెన్ కొండ మీద తెల్లగా మంచు. మా పెరట్లో కుళాయి గడ్డకట్టింది. ఆ పొద్దున అమ్మ గూడు చూసి వచ్చి వంటింట్లో నిలబడి చేతులు రుద్దుకుంటూ, "పైనించి సల్లగాలి కొడుతుంది బిడ్డా, కోళ్ల మీదికే. గవి సస్తయి," అంది.

"ఆయన సందులు మూయొద్దన్నడు కదనే."

"గా మనిషికి సలి దెలుస్తదా? పోయిన చలికాలం మంచు పడంగ నిక్కరేసుకొని చెత్తడబ్బా బయటవెట్టిండు. ఆయన మాట వట్టుకొని వాళ్ల కోళ్లను సంపుదామా?"

ఇక్కడే నా తప్పు. అమ్మను తప్పుపట్టే వీలు లేదు, ఎందుకంటే ఆమె అడిగింది, నిర్ణయించింది నేను. నిజానికి నాకూ ఆ మాటే తోచింది. ఐర్లండు వాళ్ల చలి లెక్కలు నేనెప్పుడూ నమ్మలేదు. పసిపిల్లల్ని బండిలో పడుకోబెట్టి గాలి తగలాలని బయట వదిలే మనుషులు. ఐదు డిగ్రీల ఎండకు పొట్టి చేతుల చొక్కాలు వేసుకునే మనుషులు. వీళ్లు ‘చలి ఏం చేయదు’ అంటే దానికి విలువేంటి? కోళ్లు ఎవరివైనా, చలి గురించి తెలిసినవాళ్లం మేము. అలా అనుకున్నాను. నలభై రోజులు పళ్లు నూరిన అదే నేను.

హార్డ్‌వేర్ షాపు తెరిచే ఉంది. మా ఆయన బబుల్ రాప్, ఫోమ్ పట్టీ తెచ్చాడు. నా పాత ఉన్ని శాలువాను నేనే నాలుగు ముక్కలు చేసి నాలుగు సందుల్లో కుక్కాను. తలుపు అంచుల చుట్టూ ఫోమ్ పట్టీ అంటించాం. గూడు మొత్తానికి బబుల్ రాప్ చుట్టి, దాని మీద టార్పాలిన్ దించి తాళ్లతో కట్టాం. చేయి లోపల పెట్టి చూస్తే వెచ్చగా ఉంది. అమ్మ ఊదు కూడా వేద్దామని గరిటె తెచ్చింది. నేను ఒప్పుకోలేదు. పక్షుల ఊపిరితిత్తులు సున్నితమైనవి, పొగ పడదు అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. పొగ వద్దన్న డాక్టరూ నేనే, సందుల్లో శాలువా కుక్కిన డాక్టరూ నేనే.

ఆ వారం ఆస్పత్రి ఎలా ఉందో ఎక్కువ చెప్పను. అందరికీ తెలిసిన వారాలే అవి. వార్డులో నేను అడుగుపెట్టగానే చేసే మొదటి పని కిటికీలు తెరవడం. చలేస్తోందని ఒక ముసలావిడ గొడవపడితే ఇంకో దుప్పటి కప్పి, "చలికి దుప్పటి ఉంది, ఆగిపోయిన గాలికి మందు లేదు," అన్నాను. మధ్యాహ్నం నుంచి ఫోన్లు. బంధువులను లోపలికి రానివ్వని రోజులు కాబట్టి ఏ కబురైనా ఫోన్లోనే చెప్పాలి. చనిపోతే చనిపోయారనే చెప్పాలని మాకు నేర్పారు. ‘వెళ్లిపోయారు’, ‘ఇక లేరు’ లాంటి మాటలు వాడితే అవతలివాళ్లు ఇంకా ఆశపడతారు. నేను ఆ మాట తడబడకుండా చెప్పగలనని వార్డులో పేరుండేది. ఆ కష్టమైన ఫోన్లన్నీ నా దగ్గరకే వచ్చేవి.

ఇంటికొచ్చాక గూటి వైపు చూడలేదు. అమ్మ తలుపు కొంచెం తెరిచి గింజలు, నీళ్లు పెట్టి, చలి గాలి లోపలికి పోకుండా గబుక్కున మూసేసేది. "వెచ్చగున్నయ్," అని చెప్పేది. నేను నమ్మాను. నమ్మడానికి హాయిగా ఉండింది.

ఏడో రోజో ఎనిమిదో రోజో, నాకు సెలవు. పొద్దున తొమ్మిదింటికి పొట్టు మారుద్దామని నేనే వెళ్లి గూడు తలుపు బార్లా తెరిచాను. లోపలి నుంచి వచ్చిన ఆవిరి ముఖానికి కొట్టింది. కళ్లు భగ్గుమని నీళ్లు కారాయి. రెట్టల ఘాటు, మూత్రశాలలో కొట్టే అదే ఘాటు, గొంతు పట్టేసింది. లోకప్పు నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. పొట్టంతా ముద్ద. ఎర్రదాని తురాయి చివర్లు నల్లబడ్డాయి. తడిసిన తురాయినే చలి కొరుకుతుంది, వాజలైన్ ఎంత రాసినా. పొడలది చివర్న తన చోట్లో లేదు. కింద ముద్దైన పొట్టులో, మెడ చాచి, నోరు తెరిచి కూర్చుంది. కళ్ల మూలల్లో నురగ. ప్రతి ఊపిరికీ తోకంతా ఊగుతోంది. ఆ చప్పుడు నాకు తెలుసు. రోజూ పన్నెండు గంటలు నేను వినే చప్పుడే.

శాలువా ముక్కలు పీకి పారేశాను. టార్పాలిన్ తాళ్ల ముళ్లు విప్పే ఓపిక లేక వంటింటి కత్తితో కోశాను. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, అరవడానికి ఎదురుగా ఎవరూ లేరు. అమ్మ కంచె సందులోంచి వచ్చి, చూసి, పాపను గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. "మన గంపకు అన్నీ సందులే గద బిడ్డా," అంది.

నేను చిన్నప్పుడు మా ఇంట్లో సాయంత్రమయ్యేసరికి వసారాలో కోళ్లను వెదురు గంప కింద కమ్మేవాళ్లు. గంప మీద ఒక రాయి. అంతే. ఆ గంప నిండా సందులే, లోపలున్న కోడి ముక్కు కూడా కనబడేది. మా ఊరి పుష్యమాసపు చలిలో కూడా ఎవరూ దాని మీద దుప్పటి కప్పలేదు. ఇద్దరం కోళ్లతో పెరిగినవాళ్లమే, ఇద్దరికీ అది గుర్తు రాలేదు. కోళ్లకు చేయాల్సింది వదిలేసి బాలెంతకు చేసేది చేశాం.

పొడలదాన్ని తువ్వాలులో చుట్టి ఇంట్లోకి తెచ్చి, వాషింగ్ మెషిన్ ఉన్న చిన్న గదిలో అట్టపెట్టెలో పెట్టాం, కిటికీ తెరిచి. పశువుల డాక్టరు మందిచ్చాడు కానీ ఎక్కువ ఆశ పెట్టలేదు. నాలుగు రోజులు అమ్మ దానికి డ్రాపర్‌తో నీళ్లు పట్టింది. శుక్రవారం పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతూ చూస్తే తల పక్కకు వాలిపోయి ఉంది. అమ్మ అప్పటికే పక్కన కూర్చుని ఉంది. చేతులు ఎలా తిప్పితే కోడి మెడ ఒక్క విసురుకు విరుగుతుందో తెలిసిన మనిషి, ఊళ్లో పండగకు నాలుగేసి కోసిన మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మనదైతే గింత బాధ గాకపోవు. ఇది మనది గాదు బిడ్డా. అప్పజెప్పాల్సింది," అంది. "ఆయనకు ఫోన్ జెయ్యి."

"ఆదివారం చెప్తనే," అని వెళ్లిపోయాను. ఆ మధ్యాహ్నం ఆమె, మా ఆయన కలిసి, పెద్దాయన పెరటి చివర మొక్కల కంచె మొదల్లో గొయ్యి తీసి పాతిపెట్టారు. నక్క తవ్వకుండా అమ్మ పైన ఒక పలకరాయి పెట్టింది.

ఆదివారం నాలుగింటికి ఫోన్ మోగింది. ఆ వారం నేను పదకొండు ఇళ్లకు ఫోన్ చేసి ఉన్నాను. మాట నాలుక మీదే ఉంది.

"ఎలా ఉన్నాయి, డాక్టర్?" అన్నాడు.

"గ్రాండ్," అన్నాను. "మూడూ గ్రాండ్."

వెంటనే మాట మార్చి గాల్వేలో గాలి ఎలా ఉందో అడిగాను. "గుడ్ గర్ల్," అన్నాడు, మళ్లీ కోళ్ల ప్రస్తావన తేలేదు.

అలా మొదలైంది. వచ్చే ఆదివారం చెబుదాం అనుకునేదాన్ని. వచ్చే ఆదివారానికి వార్డులో ఇంకో ఇద్దరో ముగ్గురో పోయి ఉండేవాళ్లు, నాకు నోరు పెగిలేది కాదు. అదృష్టం ఏమిటంటే ఆయన ఇదివరకటిలా ఒక్కోదాని గురించి విడిగా అడగడం మానేశాడు. "అవి ఎలా ఉన్నాయి?" అనేవాడు, అంతే. నేనే ఉండబట్టలేక అల్లేదాన్ని. ఫిబ్రవరిలో ఒకసారి, పొడలది నల్లదాన్ని తరిమిందని, మొక్కజొన్న అంతా తనే తినేసిందని చెప్పాను. చెబుతుంటే నాకు నవ్వొచ్చింది కూడా. "గుడ్ గర్ల్," అన్నాడు. నన్ను అన్నాడో కోడిని అన్నాడో తెలియదు. ఫోన్ పెట్టేశాక వంటింటి అల్మారా తలుపుకు తల ఆనించి చాలాసేపు నిలబడ్డాను. సిగ్గేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మళ్లీ ఆదివారం ఫోన్ కోసం ఎదురుచూశాను.

అమ్మ ఒక్కసారే అడిగింది, "చెప్పినవా?" అని. లేదన్నాను. మళ్లీ అడగలేదు. అమ్మ ఏ విషయమైనా ఒక్కసారి అడిగి వదిలేసే మనిషి కాదు. అది నేను అప్పుడు గమనించాల్సింది.

మిగిలిన రెండింటినీ మాత్రం ఆయన చెప్పినట్టే చూశాం. సందులు తెరిచే ఉంచాం. ఫిబ్రవరిలో మళ్లీ మంచు పడ్డ రోజున నేను వెళ్లి చేయి పెట్టి చూశాను. లోపల చల్లగా, పొడిగా ఉంది. ఎర్రది, నల్లది ఈకలు పొంగించుకుని, పక్కపక్కన, హాయిగా కూర్చున్నాయి. తలుపు పక్క చివర ఖాళీగా ఉంది. ఆ చోటుకు రెండూ రాలేదు.

మే నెలలో కౌంటీల మధ్య రాకపోకలు వదిలారు. మొదటి శనివారమే ఆయన కూతురు కారులో తీసుకొచ్చింది. నేను పొద్దున్నుంచీ వాక్యాలు కూడబెట్టుకుంటున్నాను. అద్దం ముందు చెప్పి చూసుకున్నాను కూడా. ఆయన వాకింగ్ ఫ్రేమ్ పట్టుకుని పక్కదారిలోంచి పెరట్లోకి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. అమ్మ కంచె సందులోంచి టీ పళ్లెంతో దూరి వచ్చింది, వెనకే పాప. ఆమెను చూడగానే ఆయన చేయెత్తాడు. అమ్మా తలూపింది. ఇద్దరి పలకరింపు రోజూ చూసుకునేవాళ్ల పలకరింపులా ఉంది.

ఆయన గూటి దగ్గరకు పోతాడనుకున్నాను. పోలేదు. గూటి పక్కనుంచి, కోళ్ల వైపు ఒక్క చూపు చూసి, ఫ్రేమును గడ్డిలో ముందుకు జరుపుకుంటూ పెరటి చివరిదాకా నడిచాడు. మొక్కల కంచె మొదల్లో పలకరాయి దగ్గర ఆగాడు. టోపీ తీశాడు.

నేను ఆయనకు ఆ రాయి గురించి ఎప్పుడూ చెప్పలేదు.

"మీ అమ్మ చూపించింది," అన్నాడు నా వైపు తిరక్కుండానే. "అది చనిపోయిన రోజే."

నేను అమ్మ వైపు తిరిగాను. అమ్మ టీ పళ్లెం గూటి కప్పు మీద పెట్టి కొంగు సర్దుకుంది. నేను డ్యూటీకి వెళ్లగానే ఫ్రిజ్ మీది నంబరుకు వీడియో కాల్ చేసి, తువ్వాలు విప్పి కోడిని చూపించిందట. గొయ్యి చూపించిందట, రాయి చూపించిందట. శాలువా ముక్కలు తెచ్చి సందుల్లో పెట్టి, తీసి, అదీ చూపించిందట. ఆ రోజు నుంచీ రోజూ పదకొండింటికి రెండు కోళ్లనూ చూపిస్తూనే ఉందట.

"నీకు ఇంగ్లీషేడిదే?" అన్నాను. అనడానికి అదే దొరికింది.

"నాకు ఇంగ్లీషు రాకుంటేంది, ఆయనకు కండ్లు లేవా?" అంది అమ్మ. "అప్పజెప్పిన మనిషికి చెప్పకుంట ఎట్లుంటం?"

"నాకెందుకు చెప్పలే? ఇన్ని నెలలు నేను ఆయనకు అబద్ధాలు చెప్తుంటే వినుకుంట ఎట్ల కూసున్నవే?"

అమ్మ పాప ముక్కు తుడిచింది. "వారమంత సచ్చినోళ్ల ఫోన్లే జేస్తివి. గా ఆదివారం ఒక్కటే నవ్వుకుంట మాట్లాడుతుంటివి. అది గూడ గుంజుకుంటనా బిడ్డా?"

మా మాటలు ఆయనకు అర్థం కాలేదు, అర్థమైనట్టే నిలబడ్డాడు. అన్ని ఆదివారాలు ఆయన ఒక్కోదాని గురించి ఎందుకు అడగలేదో, నేను అల్లిన కథకు ‘గుడ్ గర్ల్’ అని ఎందుకు అన్నాడో అప్పుడు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది. ఆ చలికాలమంతా వార్డులో రాని ఏడుపు, పక్కింటాయన పెరట్లో, ఆయన కూతురు చూస్తుండగా, ముక్కు కారుతూ వచ్చింది.

ఆయన తొందరపెట్టలేదు. నేను ముఖం తుడుచుకున్నాక ఫ్రేమును కొంచెం కొంచెంగా తిప్పుకుని నాకు ఎదురుగా నిలబడ్డాడు. టోపీ ఇంకా చేతిలోనే ఉంది.

"ఇప్పుడు నువ్వు చెప్పు, డాక్టర్," అన్నాడు.

పొద్దున్నుంచీ కూడబెట్టుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. "పొడల కోడి చనిపోయింది," అన్నాను. "మీరు వద్దన్నా సందులు నేనే మూశాను." ఆయన వింటూ తలూపాడు. ఆ చలికాలం అలాంటి కబురు నేను లెక్కలేనంత మందికి చెప్పాను. వాళ్లలో ముఖం చూస్తూ చెప్పింది ఆయన ఒక్కడికే.